నాన్న కట్టిన ఇల్లు అమ్మాలంటే ఎవరెవరు సంతకం పెట్టాలి?

సత్యనారాయణపురంలోనో, కృష్ణలంకలోనో, పటమటలోనో నలభై యాభై ఏళ్ల కిందట నాన్న స్థలం కొని ఇల్లు కట్టారు. ఆయన పోయారు. పెద్దబ్బాయి హైదరాబాదులో, చిన్నబ్బాయి అమెరికాలో, అమ్మాయి గుడివాడలో అత్తవారింట. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. వీధిలో పాత ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లయ్యాయి. బ్రోకర్ వారానికోసారి ఫోన్ చేసి గజం ధర చెబుతున్నాడు. విజయవాడలోనూ, అటు ఉయ్యూరు, పామర్రు, బందరు దాకా కృష్ణా డెల్టా ఊళ్లలోనూ ఇప్పుడు ఇదే పరిస్థితిలో ఎన్నో కుటుంబాలున్నాయి.

పిల్లలు ముందుగా మాట్లాడుకునేది ధర గురించే. పక్కింటివాళ్లు ఎంతకిచ్చారు, రాజధాని పనులు నడుస్తున్నాయి కదా ఇంకో ఏడాది ఆగుదామా అని. 2014 సెప్టెంబరులో విజయవాడ ప్రాంతంలోనే రాజధాని అని ప్రకటించినప్పుడు ఒక ఆశ, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ఒక దిగులు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఆశ. ఈ ఎగుడు దిగుళ్లలో ఒకరికి నచ్చిన ధర ఇంకొకరికి నచ్చదు, ఏళ్లు గడిచిపోతాయి. తీరా కొనేవాడు దొరికి బయానా ఇచ్చాక, అతని వకీలు అడిగే మొదటి ప్రశ్నకి ఇంట్లో ఎవరి దగ్గరా సరైన సమాధానం ఉండదు. ఈ ఇంటికి ఇప్పుడు యజమానులెవరు? ధర కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇది తేలకుండా బయానా పుచ్చుకున్న చోటే అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్లకీ మాటలు ఆగిపోతున్నాయి.

వాటాలు ఎవరివి

నాన్న తన సంపాదనతో కొన్న ఇల్లు, వీలునామా రాయలేదు అనుకుందాం. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఇలాంటి ఆస్తిలో భార్యకి, ఒక్కో కొడుక్కి, ఒక్కో కూతురికి సమాన వాటా. పైన చెప్పిన కుటుంబంలో అమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అంటే తలా నాలుగో వంతు. ఎవరైనా కొడుకు నాన్నకంటే ముందే పోయి ఉంటే అతని భార్యా పిల్లలు అతని వాటాకి వస్తారు. ఆ పిల్లలు మైనర్లయితే, వాళ్ల వాటా అమ్మడానికి తల్లి సంతకం ఒక్కటే చాలదు. ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి.

చాలామంది మరిచిపోయే వారసురాలు ఇంకొకరున్నారు. నాన్న పోయేనాటికి నాయనమ్మ బతికి ఉంటే ఆవిడకీ సమాన వాటా ఉంది. చట్టంలో మొదటి వరసలోనే తల్లి ఉంది (తండ్రి మాత్రం రెండో వరసలో). అప్పుడు వాటాలు నాలుగు కాదు, ఐదు. తర్వాత నాయనమ్మ కూడా వీలునామా లేకుండా పోతే ఆవిడ ఐదో వంతు మనవలకి మాత్రమే రాదు. ఆవిడ మిగతా పిల్లలకి, అంటే బాబాయిలకి, మేనత్తలకి కూడా వెళుతుంది. నాన్న సొంత కష్టంతో కట్టిన ఇల్లు అమ్మడానికి మేనత్త సంతకం ఎందుకు అని పిల్లలు ఆశ్చర్యపోతారు. కారణం ఇదే. అందుకే ముందు ఒక కాగితం మీద కుటుంబంలో ఎవరు ఏ తేదీన పోయారో వరసగా రాసుకోవాలి. మరణాల వరసను బట్టే వాటాలు మారతాయి.

క్రైస్తవ కుటుంబాలకి భారత వారసత్వ చట్టం, 1925 వర్తిస్తుంది. భార్యకి మూడో వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా. ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం పిల్లలుంటే భార్యకి ఎనిమిదో వంతు, మిగిలిన దాంట్లో కూతురికి కొడుకు వాటాలో సగం.

ఆడపిల్ల వాటా

ఈ విషయంలో మన జిల్లాల్లో పాతుకుపోయిన పొరపాటు ఒకటుంది. ‘1985కి ముందు పెళ్లయిన ఆడపిల్లకి వాటా లేదు’ అని పెద్దవాళ్లు ధీమాగా చెబుతారు. ఆ మాట వచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ నుంచి. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, 1986లో 13వ చట్టంగా ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి అలాంటి హక్కు రావడానికి ఆ తర్వాత ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. అయితే ఆ నాటికి పెళ్లయిపోయిన కూతుళ్లని ఆ సవరణ పక్కన పెట్టింది.

కానీ ఆ సవరణ తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి గురించి. నాన్న సొంతంగా కొన్న ఇంటికీ దానికీ సంబంధం లేదు. స్వార్జితంలో కూతురికి 1956 నుంచే సమాన వాటా ఉంది, పెళ్లి ఎప్పుడైనా సరే. మరి అక్కలు అప్పట్లో ఎందుకు అడగలేదంటే, అడిగే దారి చట్టమే మూసి ఉంచింది. కుటుంబం నివసించే ఇంటి విషయంలో, మగ వారసులు పంచుకోవాలనుకునే దాకా ఆడ వారసులు పంపకం కోరడానికి వీల్లేదని 23వ సెక్షన్ ఉండేది. వాటా ఉంది, అడిగే హక్కు లేదు. పెళ్లికాని, భర్త వదిలేసిన, వేరుగా ఉంటున్న, భర్త పోయిన కూతుళ్లకి ఆ ఇంట్లో ఉండే హక్కు మాత్రం ఉండేది. యాభై ఏళ్లపాటు ఎందరో ఆడపిల్లల నోరు నొక్కిన ఆ సెక్షన్‌ని 2005లో తీసేశారు.

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన ఆ కేంద్ర సవరణే ఉమ్మడి ఆస్తిలోనూ దేశమంతటా కూతుళ్లకి పుట్టుకతో హక్కు ఇచ్చింది, పెళ్లయిందా లేదా అన్న తేడా లేకుండా. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అనే సందేహం పదిహేనేళ్లు కోర్టుల్లో నలిగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఉండక్కర్లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలు మాత్రం కదలవు. ‘అప్పట్లో పెద్దమనుషుల సమక్షంలో నోటితో పంచుకున్నాం’ అంటే మాత్రం కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆ పంపకం నిజంగా జరిగి, అప్పటి నుంచి అమలైందని ప్రభుత్వ రికార్డుల్లో ఆధారాలుంటేనే అరుదుగా అంగీకరిస్తుంది.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: ‘పెళ్లికి పసుపు కుంకుమ కింద రెండెకరాలిచ్చాం, దాని లెక్క తీరిపోయింది’ అని. పెళ్లిలో ఇచ్చినదానితో వారసత్వ వాటా రద్దు కాదు. వాటా వద్దనుకుంటే ఆమె నాన్న పోయిన తర్వాత, రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజుతో వదులుకోవాలి. తెల్లకాగితం మీద, నోటరీ ముందు పెట్టిన సంతకం పనికిరాదు. పసుపు కుంకుమని లెక్కలోకి తీసుకోవడం కుటుంబంలో న్యాయమే కావచ్చు. అలాగైతే అన్నదమ్ముల చదువులకి, అమెరికా ప్రయాణాలకి నాన్న పెట్టిన డబ్బూ అదే కాగితం మీద రాయాలి. ఆడపిల్లకి ఇచ్చింది మాత్రమే గుర్తుండే లెక్క లెక్క కాదు.

ఆచరణలో ఒక సులువైన దారి ఉంది. అమ్మేటప్పుడు చెల్లెలి చేత ముందు విడుదల దస్తావేజు రాయించుకుని, తర్వాత అన్నదమ్ములు అమ్మి, ‘నీ వాటా తర్వాత చూద్దాం’ అనడం మానాలి. అమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకే విక్రయ దస్తావేజులో అమ్మకందారులుగా చేరి, ఎవరి వాటా డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాలో నేరుగా పడేలా దస్తావేజులోనే చెక్కు నంబర్లతో సహా రాయించుకోవాలి. ముందు పంపకాల దస్తావేజు చేసుకునే ఖర్చూ తప్పుతుంది, అనుమానాలూ తప్పుతాయి. విక్రయానికి అయ్యే స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. వాడుకలో కొనేవాడే కట్టుకుంటాడు.

మనవల సంతకాల సంగతి కూడా చెప్పాలి. కొనేవాళ్ల వకీళ్లు ముందుజాగ్రత్తగా కొడుకుల పిల్లల్ని కూడా దస్తావేజులో చేర్చమంటారు. నాన్న స్వార్జితం కొడుక్కి వారసత్వంగా వస్తే అది కొడుకు సొంత ఆస్తే, అతని పిల్లలకి అందులో పుట్టుకతో హక్కు రాదని సుప్రీంకోర్టు 1986లోనే చందర్ సేన్ కేసులో చెప్పింది. అది ముత్తాత నుంచి పంచుకోకుండా వస్తున్న ఇల్లయితే మాత్రం వాళ్లు అడగడంలో అర్థముంది.

కాగితాలు

నాన్న బీరువాలో ఉండాల్సినవి: ఆయన కొన్న అసలు దస్తావేజు, అంతకుముందటి లింకు డాక్యుమెంట్లు, ప్లాను, పన్ను రసీదులు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు ఎందరి దస్తావేజులో తడిసి ముద్దయ్యాయి. దస్తావేజు పోతే హక్కు పోదు. రిజిస్టరైన ప్రతి దస్తావేజుకీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఉంటుంది. నంబరు, సంవత్సరం తెలిస్తే సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు, తెలియకపోతే ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) వెతకాలి. పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన కూడా కొనేవాళ్లు అడుగుతారు, కాబట్టి బేరానికి ముందే చేసి పెట్టుకోవాలి.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం వారసులెవరో చూపిస్తుంది. కానీ అది హక్కు పత్రం కాదు. దాన్లో పేరు లేదని కూతురి వాటా పోదు. కొందరు సక్సెషన్ సర్టిఫికెట్ కోసం కోర్టు చుట్టూ తిరుగుతారు. అది బ్యాంకు డిపాజిట్లు, బాకీలు, షేర్ల వంటివాటికి, ఇంటికి కాదు. అలాగే కార్పొరేషన్లో ఇంటి పన్ను పెద్ద కొడుకు పేరు మీదకి మారినంత మాత్రాన ఇల్లు అతనిది కాదు. ఆ మార్పు పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలనే దానికే. ఇది తెలియక ‘అన్నయ్య ఇల్లు తన పేరున రాయించుకున్నాడు’ అని చెల్లెళ్లు బాధపడటం, అన్నయ్య కూడా అలాగే అనుకోవడం రెండూ జరుగుతాయి.

నాన్న వీలునామా రాసి ఉంటే పై లెక్కలన్నీ మారతాయి. ఆయన స్వార్జితం ఆయన ఇష్టం. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్టరు చేయించి ఉంటే మాత్రం తర్వాత తగువులు తగ్గుతాయి.

డెల్టా పల్లెటూళ్లలో సంగతి వేరు. గ్రామకంఠంలో కట్టిన పెంకుటిళ్లకీ మండువా లోగిళ్లకీ చాలాచోట్ల అసలు దస్తావేజే ఉండదు. తాతల నాటి నుంచి అక్కడ ఉండటమే హక్కు. అలాంటి ఇంటికి పంచాయతీ పన్ను రసీదులు, కరెంటు బిల్లులే ఆధారం. పల్లెల్లో ఇళ్ల స్థలాలు కొలిచే స్వామిత్వ సర్వేలో ఆ ఊరికి ప్రాపర్టీ కార్డులు ఇచ్చి ఉంటే వాటిలో వారసులందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇలాంటి ఇంటికి మాత్రం అమ్మకానికి ముందే వారసులు రిజిస్టరు పంపకాల దస్తావేజు చేసుకోవడం మంచిది. ఆ ఇంటికి పుట్టే మొదటి రిజిస్టరు కాగితం అదే అవుతుంది.

ఊరైనా పట్నమైనా 22ఏ జాబితా తప్పక చూడాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములని అందులో పెడతారు. జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. సర్వే నంబరు మొత్తాన్ని పెట్టినప్పుడు అందులోని పట్టా ఇళ్లూ ఇరుక్కుంటాయి. జాబితా నుంచి తీయించుకోవడానికి నెలలు పడుతుంది, కాబట్టి కొనేవాడు చెప్పేదాకా ఆగకూడదు.

అమెరికా కొడుకు, గుడివాడ కూతురు: పన్ను లెక్క

వారసత్వంగా ఇల్లు రావడానికి పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. అమ్మినప్పుడు వచ్చే లాభానికే పన్ను. నాన్న ఎప్పుడు కొన్నారో అప్పటి నుంచి మనం ఉంచుకున్నట్టే లెక్క, ఆయన పెట్టిన ఖర్చే మన ఖర్చు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువని తీసుకోవచ్చు. ఆ విలువ అప్పటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువని మించకూడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 2025–26లో ఇల్లు కోటీ ఇరవై లక్షలకి అమ్మారు. 2001 విలువ 20 లక్షలు. నలుగురికీ తలా 30 లక్షలు, ఖర్చు కింద తలా 5 లక్షలు. 2024 జులై 23 నుంచి వచ్చిన పద్ధతిలో 25 లక్షల లాభం మీద 12.5 శాతం, అంటే 3 లక్షల 12 వేల 500. పాత పద్ధతిలో ఖర్చుని ధరల సూచీతో పెంచుతారు. 2001–02కి 100, 2025–26కి 376. ఐదు లక్షలు 18.8 లక్షలవుతుంది, లాభం 11.2 లక్షలు, దాని మీద 20 శాతం 2 లక్షల 24 వేలు. ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు ఇక్కడ నివసించే వాళ్లకే ఉంది. గుడివాడ అమ్మాయి 2.24 లక్షలు, అమెరికా అబ్బాయి 3.12 లక్షల పైచిలుకు. ఇద్దరికీ పైన 4 శాతం సెస్సు. 2001 విలువ ఇంకా తక్కువగా ఉన్న చోట కొత్త పద్ధతే లాభం కావచ్చు, రెండూ వేసి చూడాలి.

కొనేవాడు ముందే కోసి కట్టే టీడీఎస్‌లో తేడా మరీ ఎక్కువ. మొత్తం ధర 50 లక్షలు, ఆపైన అయితే ఇక్కడివాళ్ల వాటాలో 1 శాతం కోస్తారు. 2024 అక్టోబరు నుంచి ఒక్కో వాటా కాదు, మొత్తం ధరే చూస్తారు. కాబట్టి అమ్మాయికి 30 లక్షలే వచ్చినా 30 వేలు పోతాయి. విదేశంలో ఉన్న కొడుక్కి మాత్రం లాభం ఎంతో తేలని దశలో 30 లక్షల మొత్తం మీదే 12.5 శాతం, సెస్సు కలిపి 3 లక్షల 90 వేలు కోసేస్తారు. దాన్ని తగ్గించుకోవాలంటే అమ్మకానికి ముందే ఆదాయపు పన్ను శాఖకి దరఖాస్తు చేసి తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది. ‘అందరిలో నాకే ఎందుకు తక్కువ పడింది’ అన్న అపార్థాలు రాకుండా ఈ లెక్క బేరానికి ముందే అందరికీ పంపడం మేలు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి, పాత నంబర్లు పట్టుకుని కాకుండా ఆడిటర్‌ని అడిగి చేయాలి.

అమెరికా అబ్బాయి రాలేకపోతే ఈ ఒక్క ఇంటి అమ్మకం కోసమే, ఈ ఇంటి హద్దులతో సహా రాసిన పవరాఫ్ అటార్నీ పంపాలి. భారత కాన్సులేట్‌లో గానీ, అక్కడి నోటరీ ముందు సంతకం చేసి అపోస్టిల్ వేయించి గానీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. అతని వాటా డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి వస్తుంది. అక్కడి నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకెళ్లవచ్చు. కొంత భాగం నగదుగా తీసుకునే అలవాటు ఇక్కడ అందరికీ దెబ్బే. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు.

ఒకరు ఒప్పుకోకపోతే

ఇల్లు ఉంచుకోవాలనుకునే వాడికి చట్టం ఒక అవకాశమిచ్చింది. వారసుల్లో ఒకరు తన వాటా బయటివాళ్లకి అమ్మబోతే, మిగతా వారసులకి ముందుగా కొనే హక్కు ఉంది (హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్). ఇంట్లో పంచుకోని వాటా కొన్న బయటి మనిషి వచ్చి అందరితో కలిసి ఆ ఇంట్లో కాపురం పెట్టలేడు. పంపకం దావా వేస్తే, అతని వాటాని కోర్టు కట్టిన ధరకి కుటుంబమే కొనుక్కోవచ్చని 1893 నాటి పంపకాల చట్టం చెబుతోంది. ‘నా వాటా ఎవడికో అమ్మేస్తా’ అన్న బెదిరింపుకి మరీ అంత భయపడనక్కర్లేదు.

దావాకి దిగితే మాత్రం ఏళ్లు పడుతుంది. రెండు వందల గజాల ఇంటిని నలుగురికి కోసి ఇవ్వలేమని చివరికి కోర్టే అమ్మి డబ్బు పంచమనవచ్చు. మొదటే చేసుకోగలిగిన పనికి అంత కాలం పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. దావా వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు.

అమ్మడం ఇష్టం లేని వాళ్లకీ, డబ్బు కావాల్సిన వాళ్లకీ మధ్యేమార్గంగా విజయవాడలో ఇల్లు బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇచ్చి ఫ్లాట్లు తీసుకోవడం ఎక్కువ. అక్కడా అందరి సంతకాలూ కావాల్సిందే. ఎవరికి ఏ అంతస్తులో ఏ ఫ్లాటు అన్నది కట్టకముందే రాసుకోవాలి. తూర్పు ముఖం ఫ్లాటు కోసం తగువుపడ్డ కుటుంబాలు ఈ ఊళ్లో తక్కువేమీ కాదు.

అమ్మ ఎక్కడుంటుంది

ఇన్ని లెక్కల మధ్య ఆ ఇంట్లో ఉంటున్న మనిషి గురించి ఎవరూ అడగరు. అమ్మది కూడా నాలుగో వంతు. అది పిల్లలు దయతలచి ఇచ్చేది కాదు, 1956 చట్టం ప్రకారం ఆమె సొంతం. ‘నాకెందుకర్రా, మీరే తీసుకోండి’ అని ఆవిడ అంటుంది. ఆ మాట పట్టుకుని ఆవిడ చేత విడుదల రాయించుకోకూడదు. ఆవిడ వాటా ఆవిడ పేరునే, ఆవిడ ఒక్కరే చెక్కు రాసే ఖాతాలోకి రావాలి. ఆ డబ్బుతో రెండేళ్లలోపు ఒక చిన్న ఫ్లాటు ఆవిడ పేరున కొంటే, ఆ మేరకు లాభం మీద పన్ను కూడా ఉండదు. ఆ ఏడాది రిటర్ను వేసే గడువులోగా కొనలేకపోతే మిగిలిన డబ్బుని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి.

అన్నీ తెలిసి, ఆలోచించుకుని, తన వాటా ఫలానా బిడ్డకే ఇస్తానని ఆవిడ అంటే అది ఆవిడ హక్కు. అప్పుడు దస్తావేజులో ఒక వాక్యం తప్పక ఉండాలి: బతికినంత కాలం తిండి, వసతి, వైద్యం చూసుకోవాలన్న షరతు మీద ఇస్తున్నానని. ఆ షరతు రాసి ఉండి, బిడ్డ మాట తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం కింద ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. షరతు ఉన్నట్టు చూపలేకపోతే ఆ రక్షణ దొరకదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అందుకే రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్లే ముందు రోజే దస్తావేజు మొత్తం ఆవిడకి తెలుగులో చదివి వినిపించి, ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి.